బీరువా వెనక ఫోను

సాయంత్రం సొరుగు సర్దుతుంటే వేలెడంత తెల్ల డబ్బా ఒకటి చేతికి తగిలింది. దాని కొసన ఉన్న ప్లాస్టిక్ క్లిప్పును నొక్కి వదిలితే టక్కుమంది. ఫోన్ వైరు మీదే నెట్ వచ్చే రోజుల్లో ల్యాండ్‌లైన్ ఫోనుకు పెట్టే ఫిల్టర్ అది. వరంగల్‌లో మా వీధికి ఫైబర్ వచ్చాక దానితో పని లేదు. అయినా పారేయలేకపోయాను. పిల్లలు పడుకున్నాక, దాన్ని పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఆ చప్పుడు నన్ను బడులు మూతపడ్డ ఏడాదికి, ఒక సాయంత్రం నాలుగూ పదికి తీసుకుపోతుంది. ఒక ఆన్‌లైన్ ట్యూషన్ సంస్థ తరఫున పదకొండు మంది పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. అత్తమ్మ గదిలో ఫోన్ మోగింది. అదే క్షణంలో తెర మీది ముఖాలన్నీ బిగుసుకుపోయాయి. ఒక పిల్లాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. మోడెం మీద పచ్చదీపం ఆరిపోయింది. అంతకుముందు రెండుసార్లు క్లాసు తెగితే వానవల్ల అనుకున్నాను. ఫోన్ గంటకూ ఆ దీపానికీ సంబంధముందని అప్పుడే తెలిసింది. మా వారు పనిచేసే బట్టల దుకాణం మూసి ఉంది. ఇల్లు నడుస్తున్నది ఆ క్లాసుతోనే.

ఆ మూడుసార్లూ సరిగ్గా ఆ వేళకు ఫోన్ చేసింది వర్ధన్నపేటలో ఉండే అత్తమ్మ చెల్లెలు. నేను నేరుగా అత్తమ్మనే అన్నాను, క్లాసు వేళ ఫోన్ పీకేయమని. ఆమె వెంటనే వైరు లాగేసింది. "మా చెల్లె మాట గూడ నీ కంప్యూటర్‌కు బరువైందా?" అని మాత్రం అంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆరేళ్ల మా సిరి నా మాటలే పట్టుకుని, "నానమ్మా, నీ ఫోన్ తోటే అమ్మ జాబ్ పోతాంది" అంది. నేను విన్నాను. దాన్ని ఆపలేదు.

నాలుగో రోజు, అదే నంబరు మీద హాల్లో ఉన్న రెండో ఫోన్ మోగింది. మళ్లీ క్లాసు తెగింది. అత్తమ్మ గది గుమ్మంలో నిలబడి, "ఇప్పుడెవల ఫోన్ పీకుతవ్?" అంది. రేపు కూడా తెగితే ఆ పిల్లలను వేరే టీచరుకు ఇస్తామని సంస్థ నుంచి కబురొచ్చింది. భయంతో మూడు కొత్త ఫిల్టర్లు తెప్పించి, దొరికిన చోటల్లా పెట్టాను. హాల్లో ముందే ఒకటి ఉన్నా ఇంకొకటి తగిలించాను. మోడెంకు కూడా ఒకటి. దానితో నెట్ పూర్తిగా చచ్చిపోయింది.

మర్నాడు పొద్దున్నే యాకమ్మ పెద్దమ్మ ఇంటికి పరుగెత్తాను. మాకు రెండిళ్ల అవతల ఉండేది. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసిన భర్త పోయాక ఆమెకు అక్కడే ఉద్యోగమిచ్చారు. ఊడ్చే పనితో మొదలుపెట్టి, ఎక్స్చేంజిలో లైన్లు పరీక్షించే బల్ల దాకా వెళ్లి రిటైరైంది. నేను చెప్పేదంతా వినకుండానే స్క్రూడ్రైవర్ చీర కొంగున ముడేసుకుని బయల్దేరింది.

రాగానే రిసీవర్ ఎత్తి ఒక్క అంకె నొక్కింది. డయల్ టోన్ ఆగిపోయింది. కళ్లు మూసుకుని, గరగర ఏమైనా ఉందా అని ఆ నిశ్శబ్దాన్ని విన్నది. నేనేదో చెప్పబోయాను.

"జర ఆగు బిడ్డా. నువ్వు భయపడుకుంట మాట్లాడితె నాకు లైను ఇనవడదు." కాసేపటికి రిసీవర్ పెట్టేసి, "బయట లైను మంచిగనే ఉన్నది. లొల్లి మనింట్లనే" అంది.

మోడెంకు నేను పెట్టిన ఫిల్టర్ చూసి నవ్వి, దాన్ని తీసేసింది. "ఒక్కటే తీగె మీద రెండు పోతయి. మాట కింద, నెట్టు పైన. ఫోన్‌కు పైదానితోటి పని లేదు, ఫిల్టర్ లేకుంటె ఊకె అండ్ల చెయ్యి వెడ్తది. అందుకని ఫోన్‌కు ఫిల్టర్. మోడెంకు పైదే అన్నం గద! దాని మూతికి గుడ్డ గడ్తివి, ఏం తింటది?"

తర్వాత వైర్లు ఇంట్లోకి వచ్చే చోట పెట్టె విప్పి అన్నీ ఊడదీసింది. మోడెం ఉన్న హాలు వైరు ఒక్కటే కలిపి, పచ్చదీపం వెలిగాక, తన సెల్‌తో మా నంబరుకు చేసింది. దీపం కదల్లేదు. అత్తమ్మ గది వైరు కలిపింది. కదల్లేదు. మూడో వైరు కలిపి చేసింది. దీపం ఆరిపోయింది.

"ఇది ఏడికి పోతాంది?"

"మాకున్నవి రెండు ఫోన్లే, పెద్దమ్మా."

"నువ్వు రెండంటవ్, తీగె మూడంటాంది. తీగె అబద్ధమాడదు."

అప్పుడు గుర్తొచ్చింది. బాబు పుట్టిన కొత్తలో నిద్ర లేస్తాడని మా గదిలో ఫోన్ గంట ఆపేసి, బీరువా వెనక్కి నెట్టింది నేనే. ఏడాదిగా అది అక్కడే, ఫిల్టర్ లేకుండా ఉంది.

"గంట బందువెడ్తె ఫోన్ పోయినట్టు గాదు" అంది పెద్దమ్మ. "సప్పుడు జెయ్యకుంట లైను మీదనే కూసుంటది."

దానికి ఫిల్టర్ పెట్టి చేస్తే దీపం నిలిచింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె మాత్రం ఫిల్టర్ మళ్లీ పీకింది. "తప్పు మల్ల రావాలె. అప్పుడే దొరికినట్టు." చేసింది, దీపం ఆరింది. టక్కున మళ్లీ పెట్టింది, నిలిచింది. వెళ్తూ నా చెవిలో అంది: "తీగె సంగతి నేను జూసిన. మీ అత్త సంగతి నువ్వు జూసుకో."

తలుపు దగ్గర అన్నీ చూస్తూ నిలబడిన అత్తమ్మ వెంటనే వర్ధన్నపేటకు ఫోన్ కలిపింది. "చెల్లే, ఇయ్యాల నాలుగూ పదికే జెయ్యి. మంచిగ మోగనియ్యి, నేను జల్ది ఎత్తను." నాలుగూ పదికి ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. నేను భిన్నాలు చెబుతూనే ఉన్నాను.

యాకమ్మ పెద్దమ్మ పోయిన వానాకాలం కన్నుమూసింది. నా భయం తగ్గిందని చెప్పను. బాబు ఒళ్లు వెచ్చబడితే ఇప్పటికీ కంగారే. కానీ చేతికందిన మందల్లా వేయను. అన్నీ పక్కన పెట్టి, ఒక్కొక్కటే చూస్తాను. తప్పు ఎవరిదో చెప్పేముందు నా బీరువా వెనక కూడా చూస్తాను.

అప్పుడు, లైను బాగైన మర్నాడు పొద్దున, అత్తమ్మ ఉప్మా కలుపుతుంటే, బాబును ఒళ్లో పెట్టుకుని, ఆ దుమ్ముపట్టిన ఫోన్‌ను సిరి ముందు పెట్టాను. అత్తమ్మకు వినబడేలా చెప్పాను:

"క్లాసు తెంపింది నానమ్మ ఫోన్ కాదు బిడ్డా, ఇదీ. తమ్ముడు లేస్తడని నేనే దాచి మర్చిపోయిన. నానమ్మను నువ్వన్న మాట నాకాడ నేర్చుకున్నదే. ముందు నేను తప్పైందని చెప్త, తర్వాత నువ్వు చెప్పు."