చెరపని ట్రాక్

మా తమ్ముణ్ణి చిన్నప్పటినుంచీ అందరూ మూగోడనే పిలిచేవారు. మాటలు రాక కాదు, మాట్లాడటానికి బద్ధకం. నోటితో అనాల్సిందంతా డ్రమ్స్ మీద కర్రలతో అనేవాడు. వాళ్ళ రాక్ బృందం నా కుట్టు దుకాణం వెనకగదిలోనే సాధన చేసేది. అవేం పాటలో తల్లీ! నేను స్నానానికి నీళ్ళు పెట్టుకున్నప్పుడు మొదలైన పాట, తల ఆరబెట్టుకుని వచ్చినా ఇంకా నడుస్తూనే ఉండేది. మధ్యలో తాళం మారినప్పుడల్లా నా మిషను కుట్టు వంకర పోయేది.

వాళ్ళకు పాడే కుర్రాణ్ణి బక్కోడు అనేవాళ్ళం. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అప్పటికి ఆల్బమ్‌లో వాయిద్యాలన్నీ రికార్డు చేశారు, గొంతు ఒక్కటే మిగిలింది. కొత్త గాయకుణ్ణి వెతుకుదామన్నారు. వచ్చినవాడు విని నేర్చుకోవడానికి ముందుగా ఎవరో ఒకరు పాడి పెట్టాలి. దాన్ని ట్రాక్ అంటారు, అసలు గొంతు రాగానే చెరిపేస్తారు. ఎలాగూ చెరిపేసేదే కదా అని ఆ పని మా వాడి నెత్తిన రుద్దారు.

వాడు చేసిన తప్పల్లా ఒకటే. కొత్తవాళ్ళకు తేలిగ్గా ఉంటుందని అచ్చం బక్కోడిలాగే పాడాడు. ఎక్కడ ఊపిరి తీసేవాడో, ఏ మాట దగ్గర గొంతు జీరబోయేదో, అంతా దించేశాడు. ఏళ్ళ తరబడి వాడి వెనకే కూర్చుని వాయించినవాడాయె. వచ్చిన గాయకులంతా ఆ ట్రాక్ విని, ఇక మేమెందుకండీ అని వెళ్ళిపోయారు. బృందానికి పెద్ద, కీబోర్డు వాయించే ఆయన, దీన్నే ఉంచేద్దామన్నాడు. ఇకముందు కచేరీలకని డ్రమ్స్ దగ్గర ఇంకెవణ్ణో కూర్చోబెట్టి మా వాణ్ణి మైకు ముందు నిలబెట్టారు. చేతులేం చేసుకోవాలో తెలియక వాడు మైకు స్టాండును బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

నాకు ఒళ్ళు మండింది. చచ్చినవాడి గొంతు నీకెందుకురా, పాడితే నీ గొంతుతో పాడు, లేకపోతే మానెయ్యి అని దులిపేశాను.

"నా గొంతుతో పాడి చూశానక్కా. నోరు తెరిస్తే వాడే వస్తున్నాడు" అన్నాడు.

ఆ మాటకు నా కోపం చల్లారిపోయి, ఏడుపొచ్చినంత పనయింది. మానేద్దామంటే ఆల్బమ్ ఆగిపోతుంది, పాడదామంటే తను మిగలడు. అడకత్తెరలో పోకచెక్కయిపోయాడు నా తమ్ముడు. ఈ ఒక్క ఆల్బమ్ అయ్యాక మళ్ళీ డ్రమ్స్ దగ్గరికే వెళ్ళిపోతాననీ, విడుదలకు ముందే ఆ మాట అందరికీ చెప్పేస్తాననీ నాకు మాటిచ్చాడు.

తీరా చెప్పాలనుకున్న రోజున బక్కోడి అమ్మ వచ్చింది. పాడింది మా వాడని ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆల్బమ్ పెట్టారు. నేను మిషను ఆపి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. అయ్యాక మా తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"పోయేముందే అన్నీ పాడి పెట్టేశాడన్నమాట. నాకొక్క మాటైనా చెప్పలేదు, చూడు."

కీబోర్డాయన వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. ఊరందరినీ కడిగేసే నేను కూడా వెళ్ళి ఆవిడకు కుర్చీ జరిపాను.

"ఇంతేనా నాన్నా, ఇంకేమైనా పాడి పెట్టాడా?" అని అడిగింది ఆవిడ.

అడిగినా నోరు విప్పనివాడు, అందరికంటే ముందు మా మూగోడే బదులిచ్చాడు.

"ఉన్నాయమ్మా. ఇంకా చాలా ఉన్నాయి."