నాగేశన్న రివ్యూ రాని గురువారం

నిన్న పొద్దున నాగేశన్న నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

గురువారం కదా, రివ్యూ అనుకున్నాను. వాయిస్ నోట్ పెట్టకుండా డైరెక్ట్‌గా ఫోనే చేశాడంటే కొత్త సంచిక మీద బాగా మండినట్టుంది అని నవ్వుకుంటూ ఎత్తాను.

సుజాత వదిన గొంతు.

"మీ అన్న లేడు స్వాతీ."

గుండెపోటట. దవాఖానాకి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

నాకు ఏడుపు కూడా వెంటనే రాలేదు. "ఏ అన్న వదినా?" అని అడిగాను. అదేం ప్రశ్నో నాకే తెలియదు.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. నాగేశన్నది భద్రాచలం బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, లీడర్లకి స్వాగతాలు, శ్రద్ధాంజలులు. చర్ల వైపు గూడేల నుంచి కూడా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆ పని తర్వాత ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి సూపర్‌హీరో కామిక్స్. బుధవారం కొత్త సంచికలు వస్తే, గురువారం టీ టైంకి మా కామిక్స్ గ్రూపులో ఆయన వాయిస్ నోట్ ఉండాల్సిందే.

వదిన నన్ను అడిగింది ఒక్కటే.

"రేపు పొద్దున సాగనంపేలోపు ఫ్లెక్సీ కట్టాలె. ఊరందరి ఫొటోలు మంచిగ చేసిండు గని, ఆయనది ఒక్క మంచి ఫొటో లేదు. నువ్వే చూడాలె."

మా అశ్వారావుపేట నుంచి భద్రాచలం దాకా బస్సులో ఆయన పాత వాయిస్ నోట్లే విన్నాను.

అన్న రివ్యూలో హీరో సంగతి ఎప్పుడూ చివర్లోనే. ముందు వెనకాల జనం సంగతి.

"బిల్డింగ్ మీద పడ్తుందని ఉరుకుతున్నరు గదా, వాళ్ళకి ముఖాలు గీసిండా? గీయలే. కోడిగుడ్లు పెట్టిండు. మరి వీడు ఎవల్ని కాపాడుతుండు, గుడ్లనా?"

ఒకే పుస్తకానికి రకరకాల కవర్లు వేసి అమ్మితే ఆయనకి ఒళ్ళు మండేది. "లోపల కథ లేనప్పుడే బయట గిన్ని చొక్కాలు" అనేవాడు.

చచ్చిపోయిన హీరోని మళ్ళీ బతికించి తెస్తే అసలు క్షమించేవాడు కాదు. మేమంతా సంబరపడుతుంటే వచ్చి నీళ్ళు చల్లేవాడు.

"మరి పోయిన సంచికల ఏడ్చినోళ్ళకి ఏం జవాబు చెప్తరు?"

నిన్న బస్సులో ఆ నోట్ దగ్గర ఆపేశాను. ఇంక వినలేకపోయాను.

ఆయన నాకు పరిచయమైంది మా తమ్ముడి పెళ్ళి ఫ్లెక్సీతో. కింది వరుసలో చుట్టాల చిన్న చిన్న ఫొటోలు వేస్తాం కదా, అందులో మా చిన్నతాతది మసకగా ఉంది.

"గీ పెద్దాయన ముఖం కనపడ్తలేదు. ఇంకోటి తీస్కరాండ్రి" అన్నాడు.

అంత చిన్న ఫొటో ఎవరు చూస్తారన్నా, వేసెయ్ అన్నాం. వింటేగా. ఇంకో ఫొటో వెతికి తెచ్చేసరికి ఆలస్యమై, ఫ్లెక్సీ పెళ్ళి రోజు పొద్దున గానీ చేతికి రాలేదు. మా నాన్న బూతులు తిట్టడం ఒక్కటే తక్కువ.

ఆ రోజు చిన్నతాత ఎంత పిలిచినా భోజనానికి రాలేదు. పామాయిల్ గెలలు కొయ్యడానికి తప్ప ఎవరూ కబురు పెట్టని మనిషి. ఫ్లెక్సీ ముందే నిలబడి, వచ్చిన వాళ్ళందరికీ తన ముఖం చూపించుకున్నాడు.

ఆ పరిచయంతోనే అన్న నన్ను కామిక్స్ గ్రూపులో చేర్చాడు. తర్వాత నేను కామిక్స్‌కి రంగులు వెయ్యడం నేర్చుకుంటూ, మొదటి పేజీలు అన్నకే పంపాను. హీరో మీద రోజుల తరబడి కూర్చున్నాను. వెనక జనానికి మాత్రం అందరికీ ఒకటే బూడిద రంగు కొట్టేశాను.

ఫోన్ చేశాడు. "వీళ్ళందరు ఏడికి పోతున్నరు చెల్లె, యూనిఫాం వేస్కొని? ఒక్కొక్కల్ది ఒక్కొక్క చీర ఉండదా?"

తిట్టుకుంటూ మళ్ళీ వేశాను.

ఆ పేజీలు చూసే ఒక కామిక్స్ కంపెనీ వాళ్ళు నాకు రంగులు వేసే పని ఇచ్చారు. ఈరోజు ఇంటి పట్టున ఉండి, ఇష్టమైన పని చేసుకుని బతుకుతున్నానంటే అదంతా అన్న చలవే. ఈ మాట ఆయనకీ చాలాసార్లు చెప్పాను. "సరే సరే, కొత్త సంచిక చదివినవా?" అని మాట మార్చేవాడు.

నిన్న షాపులో ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. వదిన చెప్పింది నిజమే, ఫొటోలు లేవు. ఆధార్ ఫొటో సంగతి చెప్పనక్కర్లేదు.

చివరికి వదిన ఫోన్‌లో ఒకటి దొరికింది. వదిన, వాళ్ళక్క సెల్ఫీ దిగుతుంటే, వెనకాల వంటింటి గుమ్మంలో అన్న. చేతిలో టీ గ్లాసు. సగం ముఖం నీడలో.

చుట్టూ ఉన్న వాళ్ళు భుజాలకి ఎర్ర కేప్ తగిలించి, వెనక మేఘాలు పెట్టమన్నారు. హీరోలా ఉంటాడట.

వద్దన్నాను. ఆ నీడ ఒక్కటే మెల్లగా తీస్తూ కూర్చున్నాను. కళ్ళ కింది ముడతలు ఉంచాను. నెరిసిన మీసం ఉంచాను. మధ్యలో ఏడ్చాను, మళ్ళీ మౌస్ పట్టుకున్నాను.

ఈరోజు పొద్దున ఇంటి ముందు కట్టారు. వదినని ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. చాలాసేపు తలెత్తి చూస్తూ నిలబడింది.

"ముఖం మంచిగ కనపడ్తుంది స్వాతీ" అంది. "ఇన్నేండ్లల్ల నేనే గింత మంచిగ చూడలే."

థాంక్స్ నాగేశన్నా. నీ తిట్లకి, నీ గురువారాలకి.

వెళ్ళిరా. ఎక్కడున్నా నీ మనసు నెమ్మదిగా ఉండాలి.