రెండు గిన్నెల వంట

మొన్న మా అంగన్‌వాడీకి కొత్త ఆయమ్మ వచ్చింది. పాత ఆమె మోకాళ్ల నొప్పులతో మానేసిన తర్వాత పిల్లలకు పాటలు చెప్పడం, పప్పు వండటం రెండూ నా మీదే పడ్డాయి కాబట్టి, ఆమెను చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. పిల్లలను చాప మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరి ముక్కు తుడుస్తుంటే, ఆమె గరిటెలో కొంచెం పప్పు తెచ్చి నా అరచేతిలో వేసి, "టీచరమ్మా, జర ఉప్పు జూడుండ్రి" అంది. నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం ఎంతసేపు? కానీ నేను ఖాళీ అరచెయ్యి చూసుకుంటూ ఉండిపోయాను. పాపం, ఆమె కంగారుపడి "ఎక్కువైందా అమ్మా?" అని మళ్లీ అడిగింది. "లేదు, మంచిగుంది" అని చెప్పి, ఎండ కళ్లలో పడుతున్నట్టు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అచ్చం అదే మాట, అదే తీరుగా నన్ను అడిగే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన మా బావ, మా పెద్దక్క భర్త. పెళ్లయిన కొన్నాళ్లకే మా ఆయన పోతే, అక్క నన్ను ఖానాపూర్‌లో తన ఇంటికి తెచ్చుకుంది. అప్పటి నుంచి నాది కూడా ఆ ఇల్లే.

బావ మస్కట్‌లో వంటమనిషి. మా వీధి వాళ్లకు గల్ఫ్‌లో ఏ ఊరైనా దుబాయే కాబట్టి ఆయనను చివరిదాకా దుబాయాయన అనే పిలిచారు. కూలీలుండే క్యాంపులో మెస్సు ఆయన చేతి మీద నడిచేది. మన జగిత్యాల వాళ్లు, బీహారు వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు, అందరి నోళ్లకూ సరిపడేటట్టు వండేవాడు. ఆ అలవాటు వల్ల సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు మాకు పెద్ద చిక్కు వచ్చేది. నలుగురికి వండటం ఆయనకు చేతనయ్యేది కాదు. ఒకసారి పులిహోర చేస్తానని కూర్చుంటే వీధంతా పంచినా అయిపోక, మర్నాడు పొద్దునా సాయంత్రం కూడా మేం అదే తిన్నాం. "గిది ఇల్లా, నీ కంపెనీ మెస్సా?" అని అక్క నెత్తి కొట్టుకునేది. "చెయ్యి గట్ల అలవాటైంది, నన్నేం జేయుమంటవ్" అని ఆయన నవ్వేవాడు. అక్కకు ఆ కోపం ఎంతసేపో ఉండేది కాదు. ఏడాదంతా బీడీల చాట ఒళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు చుట్టీ చుట్టీ వేళ్లు పసుపెక్కిన మనిషికి, వేరొకరు వండి కంచంలో పెట్టడం ఎంత సుఖమో ఆమె మొహంలోనే కనబడేది.

చివరిసారి ఆయన వచ్చినప్పుడు నేను సంచుల కంటే ముందు కాళ్లు చూశాను. చెప్పుల్లో పట్టడం లేదు. ఏళ్ల తరబడి పొయ్యిల సెగలో సరిగ్గా నీళ్లు తాగకుండా పని చేయడం వల్లనో, ఎప్పటి నుంచో ఉన్న బీపీని పట్టించుకోకపోవడం వల్లనో, రెండు కిడ్నీలూ పాడయ్యాయని నిర్మల్‌లో డాక్టరు చెప్పాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నాడు. ఏవేవి తినకూడదో కూడా ఓపికగా కూర్చోబెట్టి చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చొని, మామడ దాటాక నా వైపు తిరిగాడు. "ఉప్పు బందు, చింతపండు బందు, టమాట బందు, తొక్కు బందు. కడుపునిండ నీళ్లు గూడ బందేనట. ఇగ నాకు మిగిలింది గిన్నె ఒక్కటే మరదలా" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. అక్క నవ్వలేదు.

సర్కారు ఆస్పత్రిలో డయాలసిస్‌కు డబ్బులు తీసుకోకపోయినా, మిగతావన్నీ మా మీదే పడ్డాయి. ఇంజెక్షన్లు, మందులు, నిర్మల్‌కు రానూ పోనూ చార్జీలు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన తర్వాత అక్కకు, నాకు ఆ ఖర్చు తప్పింది. కండక్టరు టికెట్టు కొట్టినప్పుడల్లా బావ "టికెట్టు నాకొక్కనికే, రోగం నాకొక్కనికే" అని అతనితో పరాచకాలాడేవాడు. మస్కట్ డబ్బు ఆగిపోయింది. అక్క బీడీలు, నా అంగన్‌వాడీ జీతం, అది కూడా వచ్చిన నెల వచ్చినట్టు, రాని నెల రానట్టు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు అప్పుడే నిర్మల్‌లో హాస్టల్లో ఉండి నర్సింగులో చేరింది. అక్క బీడీలు చుట్టడం పెంచాలంటే వంటకు పొద్దు చాలదు. పైగా ఇంట్లో ఇప్పుడు రెండు వంటలు, ఒకటి మాకు, ఒకటి ఆయనకు. ఒక పొద్దున అక్క పొయ్యి దగ్గరికి వెళ్లేసరికి బావ అక్కడ పీట వేసుకొని కూర్చొని ఉన్నాడు. "నువ్వు చాట ముందర కూసో. వంట నాది. ఇన్నేండ్లు ఊరోళ్లకు జేసిన, ఇంట్లోళ్లకు జేయలేనా?" అన్నాడు.

అట్లా మా ఇంట్లో రెండు గిన్నెల వంట మొదలైంది. సొరకాయ, బీరకాయ, క్యాబేజీ, ఏదైనా సరే తన కోసం సన్నగా తరిగి, కిడ్నీలకు పడనిది దిగిపోవాలని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వేరే నీళ్లలో ఉడికించి, అవి కూడా వంచేవాడు. గ్యాసు తొందరగా అయిపోతోందని పెరట్లో కట్టెల పొయ్యి పెట్టించుకున్నాడు. అంత చేశాక ఆ ముక్కల్లో కూరగాయ రుచి ఏముంటుంది? ఆ లోటు పూడ్చడానికి ఆయన పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. వెల్లుల్లి ఎర్రగా వేయించేవాడు. జీలకర్ర, ధనియాలు అప్పటికప్పుడు దంచేవాడు. పోపులో కరివేపాకు చిటపటలాడుతుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి, "ఏం కూర దుబాయన్నా?" అని అడిగేవాళ్లు. "గడ్డి" అనేవాడు. గుడ్డులో తెల్లసొన ఆయనకు మంచిదన్నారు, పచ్చసొన వద్దన్నారు. తెల్లది ఆయన తినేవాడు, పచ్చవన్నీ ఉల్లిగడ్డ కారం వేసి మాకు కూర చేసేవాడు. సెలవుకు ఇంటికి వచ్చిన పిల్ల ఆ కూర తిని, "చిన్నమ్మా, హాస్టల్ల ఇట్లాంటిది ఎవ్వలికీ తెల్వదు" అని గొప్పగా చెప్పుకునేది. మా కూరలు మాత్రం ఆయన రుచి చూడకుండానే వండాలి. వాసన పట్టి, నూనె తేలిన తీరు చూసి అంచనా వేసేవాడు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ముక్కుతో పని కాదు కదా. పెరట్లోంచి కేక వేసేవాడు: "మరదలా, జర ఉప్పు జూడు." నేను తల దువ్వుకుంటున్నా, చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నా పరుగెత్తాల్సిందే. నేను చప్పరించే అంతసేపూ ఆయన నా నోటి వైపే చూసేవాడు. నేను తల ఊపితే, తనే తిన్నట్టు తృప్తిగా మూత పెట్టేవాడు.

కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. అక్క మా అందరి తర్వాత తినేది. ఏం తింటోందని ఒకరోజు తొంగి చూస్తే, బావ గిన్నెలో అడుగున మిగిలిన చప్పిడి కూర ఊడ్చి కంచంలో వేసుకుంటోంది. మా గిన్నెలో కూర ఇంకా ఉంది. నా వెనకే వచ్చిన బావ కూడా అది చూశాడు. ఆయన గొంతు పెంచడం నేను ఆ ఒక్కసారే విన్నాను. "గదేం తిండే? నా రోగం ఇంటిల్లిపాదికి పంచాల్నా? నీ కోసమని మంచిగ వండితే గీ గడ్డి తింటవా?" అన్నాడు. అక్క కంచంలోంచి తల ఎత్తలేదు. "నువ్వు ఒక్కనివి గిది తింటుంటే నాకు ముద్ద దిగుతలేదు" అంది. బావ పోయి మా గిన్నె తెచ్చి, ఆమె కంచంలో కూర వేసి, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. అక్క ఏడుస్తూ తిన్నది. ఆ తర్వాత ఆమె దొంగతనంగా తినడం మానేసి, అందరి ముందే రెండు గిన్నెల్లోంచీ వేసుకోవడం మొదలుపెట్టింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ ఎండాకాలం పిల్లకు ఫీజు కట్టాల్సి వచ్చింది. అప్పుడే మా వెనక వీధిలో ఒక పెండ్లికి, వంటకు మాట్లాడుకున్న మేస్త్రి మంచాన పడ్డాడని వాళ్లు వచ్చి బావను బతిమాలారు. అక్క వద్దంటే వద్దంది. "నీ పానం కన్న ఎక్కువనా ఫీజు?" అని గట్టిగానే అడిగింది. "నేను కుర్సీల కూసొని చెప్తనే. చేసేటోళ్లు వేరే ఉంటరు" అని బావ ఒప్పించాడు. ఉప్పు చూడటానికి నేను కూడా వెంట వెళ్లాను. కుర్చీలో ఆయన కూర్చున్నది కాసేపే. డేగిసాలు, పెద్ద గరిటెలు, భగభగ మండే పొయ్యిలు కనబడగానే లేచి నడుముకు తువాల చుట్టాడు. దాహం వేస్తే దవడన ఐసుముక్క పెట్టుకొని చప్పరిస్తూ, బగారా అన్నం, మటను, దాల్చా వండాడు. అంత సంబరంగా ఆయనను చూసి చాలా ఏళ్లయింది. నాలుగు డేగిసాల దగ్గరా నన్ను పిలిచి ఉప్పు చూపించాడు. జనం విస్తళ్ల ముందు కూర్చున్నాక నన్ను వడ్డనకు రమ్మన్నారు. నేను ఆడవాళ్ల పంక్తిలో అన్నం పెడుతుంటే, ఆయన షామియానా వెనక్కి వెళ్లి, కూలింగ్ క్యాను కింద గ్లాసు పెట్టి కడుపునిండా నీళ్లు తాగాడు.

మర్నాడు పొద్దున ఆయనకు ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. బండి మాట్లాడుకొని నిర్మల్‌కు తీసుకుపోతే, ఆ పూటే డయాలసిస్ చేసి బతికించారు. పెండ్లి వాళ్లిచ్చిన కూలి ఆ బండికి, ఇంజెక్షన్లకే సరిపోయింది. ఫీజు కోసం అక్క చెవుల కమ్మలు కుదువ పెట్టింది. మంచం మీద కాస్త తేరుకున్నాక బావ నన్ను దగ్గరికి రమ్మని, చిన్నపిల్లాడు చెప్పినట్టు చెప్పాడు. "సల్లటి నీళ్లు మరదలా. గొంతుల దిగుతుంటే ఏం భయం గాలే. గిట్ల తాగక ఎన్నాళ్లయిందో." అక్క పక్కనే ఉంది, విన్నది. ఏదో ఒకటి అంటుందనుకున్నాను. తడిగుడ్డతో ఆయన పెదవులు తుడిచి, ఆ గుడ్డను కాసేపు అక్కడే ఉంచింది.

తర్వాత ఆయన పొయ్యి దగ్గర కూర్చోలేకపోయాడు. గడపలో మంచం వేసుకొని చెప్తుంటే అక్క వండేది. చలికాలం వచ్చేసరికి డయాలసిస్ కూడా ఒంటికి పడటం మానేసింది. మధ్యలోనే బీపీ పడిపోయేది. ఒకరోజు డాక్టరు అక్కనూ నన్నూ పక్కకు పిలిచి, "ఇక పథ్యం ఏమీ పెట్టకండమ్మా. ఆయనకు ఏది తినాలనిపిస్తే అది పెట్టండి" అన్నాడు. అక్క మొహం ఒక్క క్షణం వెలిగింది. నయమైందనే అనుకుంది. తర్వాత నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనబడిందో, అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది.

ఆటోలో బావ అడిగాడు, "ఏమన్నడు డాక్టరు?" అని.

"అన్నీ తినొచ్చన్నడు" అంది అక్క.

"గట్లనా" అన్నాడు. రోడ్డు పక్కన ఆకు రాలిన టేకు చెట్లు వెనక్కి పోతున్నాయి. వాటినే చూస్తూ చాలా దూరం వచ్చాక, "అయితే పచ్చిపులుసు జెయ్యి" అన్నాడు.

అక్క మర్నాడే చేసింది. మిరపకాయలు నిప్పుల మీద కాల్చి, ఉల్లిగడ్డతో చేత్తో పిసికి, చింతపండు పులుసులో కలిపి, నువ్వుల పొడి వేసి పోపు పెట్టింది. ఇల్లంతా ఆ వాసనే. వేడి అన్నంలో కలిపి బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలకుండా అట్లాగే ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కష్టం మీద మింగి, "ఉప్పు మస్తయింది" అన్నాడు. కంచం నా వైపు జరిపాడు. "నువ్వు జూడు మరదలా."

నేను చూశాను. ఉప్పు సరిగ్గా ఉంది. పులుపు, కారం, అన్నీ మా అవ్వ చేసినట్టే కుదిరాయి. ఇన్నేళ్ల చప్పిడి తిండితో నాలుక మారిపోయిందని ఆయనకు తెలియలేదు. "అవును బావా, జర ఎక్కువే అయింది" అన్నాను. అక్క ఒకసారి నా కళ్లలోకి చూసి, "నా చెయ్యి జారింది" అంది. "ఏం గాదు లే, గంత బాధ పడకు" అని బావ ఆమెను ఓదార్చి, "జర సొరకాయ కూరనే జెయ్యి, నేను తినేది" అన్నాడు. అక్క లేచి సొరకాయ తరిగింది. నానబెట్టి, నీళ్లు పారబోసి, ఉడికించి, మళ్లీ వంచి, వెల్లుల్లి పోపు పెట్టి తెచ్చింది. రెండు ముద్దలు తిన్నాడు. బాగుందన్నాడు. ఆ వారంలోనే పోయాడు.

పిల్ల ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. అక్క కమ్మలు అదే విడిపించింది. బావ పోయిన కొత్తలో చుట్టాలు వచ్చి వండి పెట్టారు, వాళ్ల హడావిడిలో మాకేమీ తెలియలేదు. అందరూ వెళ్లిపోయిన రోజు పొద్దున అక్క పొయ్యి వెలిగించింది. ఒక్క గిన్నె, ఒక్క కూర, ఇద్దరు ఆడవాళ్లకు. ఇట్టే అయిపోయింది. ఆమె చేతులు కడుక్కొని పెరట్లోకి వచ్చి చూస్తే ఎండ ఇంకా గోడ దిగలేదు. "చెల్లె, గింత పొద్దున్నదా ఇంకా?" అని అడిగింది. నేను పోయి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఆయన ఉన్నన్నాళ్లూ పొద్దు చాలడం లేదని పరుగులు పెట్టాం. రోగి ఉన్న ఇంట్లో కాలం ఎప్పుడూ తక్కువే పడుతుంది. ఆ మనిషి వెళ్లిపోయాక చేతిలో మిగిలేది మాత్రం అదొక్కటే.