టమాటా క్రేట్లకు డబుల్ ఎంట్రీ

మొన్న మా మండీలో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. మా అత్త ఇప్పటికీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

నాది కుప్పం. బీకాం చదివాను. పెళ్లయి మదనపల్లెకు వచ్చాను. మా మామది టమాటా మండీ. అక్కడ లెక్కలు రాయాలని నాకు మొదటి నుంచీ ఆశ. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది నాకు. అడగ్గా అడగ్గా మామ ఒకరోజు ఒప్పుకున్నారు.

"ముందు క్రేట్ల లెక్క సూడమ్మా. అది సరిగ్గా వస్తే మిగతా లెక్కలూ నీకే."

క్రేట్లంటే టమాటాలు పోసే ప్లాస్టిక్ పెట్టెలు. ఖాళీవి మేము రైతులకిస్తాం, వాళ్లు కాయలు నింపి తెస్తారు. కొందరు సొంత క్రేట్లలో తెచ్చి, వాటిని మా దగ్గరే వదిలేసి పోతారు. మామ ఇదంతా నోటిలెక్కతో నడిపిస్తున్నారు. బీకాం చదివిన కోడలు ఉండగా నోటిలెక్క ఏమిటి? ప్రతి లెక్కనూ డెబిట్, క్రెడిట్ అని రెండు వైపులా రాసే డబుల్ ఎంట్రీ పెట్టేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మొదటి ఎంట్రీ దగ్గరే అనుమానం. పుంగనూరు మునిరత్నం మా క్రేట్లు తీసుకుపోయాడు. అతనికి డెబిటా, క్రెడిటా? పుచ్చుకున్నవాడికి డెబిట్ అని కాలేజీలో మేడమ్ చెప్పినట్టు లీలగా గుర్తు. కానీ నా ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ ఏమంటుంది? డబ్బు వస్తే క్రెడిట్, పోతే డెబిట్. మేడమ్ కంటే బ్యాంకు పెద్దది కదా! కాబట్టి క్రేట్లు వచ్చిన మునిరత్నానికి క్రెడిట్. తన క్రేట్లు మా దగ్గర వదిలిన గుర్రంకొండ రెడ్డెప్పకు డెబిట్. అందరికీ ఇదే వరస.

చివర్లో చూస్తే డెబిట్లూ క్రెడిట్లూ సరిగ్గా సమానం. అటూ ఇటూ తిరగేసి రాసినా మొత్తాలు కలుస్తాయని ఆ గర్వంలో తోచలేదు. మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను. డెబిట్ మిగిలితే ఆ రైతు మనకివ్వాలి, క్రెడిట్ మిగిలితే మనం ఆ రైతుకివ్వాలి, ఇది సాఫ్ట్‌వేర్‌కు బాగా తెలుసు. దాని మాట ప్రకారం, మామను ఒక్క మాట అడగకుండా, ఎవరు ఎవరికి ఎన్ని క్రేట్లివ్వాలో రైతులందరికీ వాట్సాప్ మెసేజ్‌లు పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే మునిరత్నం ఆటో వేసుకుని దిగాడు. మామ వేలం దగ్గర ఉన్నారు.

"మెసేజ్ సూసినానమ్మా. మీరే నాకు క్రేట్లు ఇయ్యాలంట గదా. నేను మర్సేపోయినా."

నేనే దగ్గరుండి ఎక్కించాను. టీ కూడా తెప్పించాను.

"ఇంత నియ్యత్తు యాడ ఉండాదమ్మా ఈ కాలంలో. నువ్వొచ్చినాక మండీ బాగుపడతాండాది," అన్నాడు. నా నిజాయితీకి నేనే పొంగిపోయాను.

ఆటో అటు పోయిందో లేదో, రెడ్డెప్ప టెంపోలో క్రేట్లు దించుతున్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"నేను మీకు బాకీ ఉండేది గ్యాపకం లేదమ్మా. పక్కింటోళ్లను అడిగి తెచ్చినా. సదువుకున్న బిడ్డ రాసినాక తప్పుంటాదా."

అంతలో మామ వచ్చారు. "రెడ్డెప్పా, నీ క్రేట్లే మా కాడ ఉండాయి గదప్పా. మళ్లా యాల తెస్తాండావు?"

అప్పుడు వెలిగింది నాకు. నా ఫోన్‌కు వచ్చే ఆ డెబిట్, క్రెడిట్ మెసేజ్ రాసేది బ్యాంకు. బ్యాంకు పుస్తకంలో నాకు క్రెడిట్ అంటే, బ్యాంకు నాకు బాకీ అని. నేను మండీలో కూర్చుని బ్యాంకు వైపు నుంచి లెక్క రాశాను. అందుకే నా లెక్కలో మునిరత్నం లాంటివాళ్లకు మేమే బాకీ పడ్డాం. రెడ్డెప్ప ముందు సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మనిషి నా మీద నమ్మకంతో, లేని బాకీకి పక్కింటివాళ్ల దగ్గర చెయ్యి చాచాడు.

జరిగిందంతా విని కూడా మామ అరవలేదు. రెడ్డెప్ప ఇప్పుడు తెచ్చినవీ, ముందు వదిలినవీ క్రేట్లన్నీ మా బండిలోనే ఊరికి పంపించారు. నా వైపు తిరిగి, "రేపు పెద్దమండ్యం రైతులకు ఖాళీ క్రేట్లు ఇయ్యాల. షెడ్డులో ఏమీ లేవు. పోయి తేపో," అన్నారు.

మా ఆయన్ని వెంటబెట్టుకుని పుంగనూరు పోయాను. మునిరత్నం ఇంట్లో మా క్రేట్లు సుఖంగా కాపురం చేస్తున్నాయి. ఒకదాంట్లో ఉల్లిగడ్డలు, ఒకదాంట్లో పొదుగుతున్న కోడి. అతను తాపీగా ఫోన్ తీసి నా మెసేజ్ నాకే చూపించాడు. గంటసేపు బతిమాలితే ఇచ్చాడు, పొదుగుతున్న కోడి కింద ఉన్నది తప్ప.

ఎంట్రీలన్నీ తిప్పి రాశాను. మామ మెత్తబడి, చివరికి లెక్కలు నాకే అప్పగించారు. మెసేజ్‌లు మాత్రం ఆయన చూసి సరేనంటేనే పోతాయి. నా పనితనం మీద పూర్తి నమ్మకం ఉన్న మనిషి ఈ మండీకి ఒక్కడే వస్తాడు. ఎప్పుడొచ్చినా వాకిట్లోనే ఆగి లోపలికి తొంగి చూస్తాడు మునిరత్నం.

"మామ లేడా అమ్మా? పోనీలే, నువ్వుంటే సాలు."