కెవన్ గేటు దాటిన బక్క గుర్రం

మా లోయలో కెవన్ అనే పొలం ఇంటికి వెళ్ళినవాడు టీ కప్పు ముట్టుకునేలోపు గోడ చూడాలి. అది ఆ ఇంటి ఆచారం. వంటింట్లో పొయ్యి మీదనుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా అన్నీ గుర్రాల ప్రదర్శనల్లో గెలిచిన రిబ్బన్లే. ఎర్రవి మొదటి బహుమతివి, అవి కళ్ళెదురుగా ఉంటాయి. నీలివి రెండోవి, వాటిని తలుపు వెనక వేలాడదీశారు. పసుపువి అసలు లేవు. మూడో బహుమతి ఇచ్చిన జడ్జిలంతా గుడ్డివాళ్ళని ఆ ఇంట్లో మూడు తరాలుగా గట్టి నమ్మకం. గుడ్డివాళ్ళు ఇచ్చినవాటిని పొయ్యిలో పెట్టేవారు.

ఆ గోడకి ఇప్పుడు యజమానురాలు ఎలినెడ్. అరవై రెండేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మా లోయలో ఆమె నోటికి దొరకని గుర్రం లేదు, గుర్రం గలవాడు అంతకన్నా లేడు. ఎవరి గుర్రమైనా కాస్త పక్కటెముకలు కనబడేలా ప్రదర్శనకి వచ్చిందంటే చాలు, కంచె మీద మోచేతులు ఆనించి తీరిగ్గా అడిగేది. "ఏం నాయనా, మీ చేలో గడ్డి మొలవదా?" ఆ మాట ఎంత బాగా అంటుకుందంటే, ముప్ఫై ఏళ్ళుగా లోయ మొత్తం దాన్నే వాడుతోంది.

ఈ పొగరు ఎక్కడిదంటే తాతది. తాత సైలాస్ ప్రార్థనాలయంలో పెద్ద. ఏటా వసంతంలో తన మగ గుర్రాన్ని చేత పట్టుకుని ఊరూరా, ఇంటింటికీ నడిచి వెళ్ళేవాడు, వాళ్ళ ఆడ గుర్రాలకి జత కట్టించడానికి. ఆరు వారాల నడక. ఆదివారం మాత్రం గుర్రానికీ ఆయనకీ సెలవు, భక్తి అంటే భక్తే మరి. ఆ రోజుల్లో చలికాలం గడిచి కొండ దిగిన గుర్రాలు బొమికల గూళ్ళలా ఉండేవి. కొండ మీద ఏముంటుంది? రెల్లు, ముళ్ళ పొదలు, నమలడానికే ఒక పూట పట్టే ముతక గడ్డి. ఆ మేత మీద గుర్రం ఒళ్ళు చేసిందంటే, దాని యజమాని తన కడుపు కట్టుకుని దానికి పెట్టాడన్నమాట. అందుకే సైలాస్ ఒక మాట పెట్టాడు. బక్క గుర్రం కెవన్ గేటు దాటకూడదు. ఆయన కాలానికి అది న్యాయమైన మాటే, కాదనలేం.

సైలాస్ కొడుకు, ఎలినెడ్ తండ్రి ఎమ్లిన్ కాలం వచ్చేసరికి కథ మారింది. ఆయన కొండ వాలు దున్నించి, పాలిచ్చే ఆవుల కోసమని తయారుచేసిన కొత్త రకం గడ్డి విత్తనం చల్లించి, బస్తాలకి బస్తాలు ఎరువు పోయించాడు. చేలు పచ్చగా నవనవలాడిపోయాయి. గడ్డి మారింది, నేల మారింది, తండ్రి మాట మాత్రం మారలేదు. తండ్రి మాట కదా, ఎలా మారుస్తారు? గుర్రాలు పీపాల్లా ఊరాయి. "వెన్ను మీద నీళ్ళ గిన్నె పెట్టినా ఒలకదు" అని ఎమ్లిన్ మురిసిపోయేవాడు. జడ్జిలూ మురిసిపోయారు. ఎర్ర రిబ్బన్లు కిటికీ దాటాయి.

అప్పుడే కాళ్ళు పోవడం కూడా మొదలైంది. మొదటి గుర్రం కుంటితే నాడా కొట్టినవాడు మేకు తప్పు దించాడన్నారు. రెండోది కుంటితే రాయి గుచ్చుకుందన్నారు. మూడోది అసలు లేవలేకపోతే, ఆ ఏడు వానలెక్కువన్నారు. మూడూ పోయాయి, మూడింటికీ మూడు కారణాలు దొరికాయి, జబ్బు మాత్రం ఒకటే, మితిమీరిన పచ్చిమేత గిట్టల్లోకి దిగడం. లోయలో అందరికీ తెలుసు. కానీ అందరి దొడ్లలోనూ పీపాలే ఉన్నాయి కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు.

కెవన్ వాళ్ళకి ఇంకో గొప్ప కూడా ఉంది. మగ గుర్రప్పిల్లల్ని ఎంతమందికైనా అమ్ముతారు, ఆడ గుర్రాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వరు. సైలాస్ కొన్న ఎర్రమచ్చల ఆడ గుర్రం నుంచి తల్లికి కూతురు, కూతురికి కూతురు, ఒకే దారం. ఎలినెడ్‌కీ భర్త హవెల్‌కీ పిల్లల్లేరు. ఇంట్లో సాగుతున్న వంశం ఏదైనా ఉందంటే ఆ గుర్రాలదే. చివరికి ఆ దారం సన్నబడి ఇద్దరి దగ్గర ఆగింది. తొమ్మిదేళ్ళ మోడ్లెన్, దాని రెండేళ్ళ కూతురు నెస్టా. మోడ్లెన్ మా లోయ కాబ్ జాతి గుర్రం ఎలా ఉండాలో అలా ఉండేది. పొట్టి ఎముక, పెద్ద కళ్ళు, నాలుగు తెల్ల కాళ్ళు, ముంగాళ్ళు ఎత్తి విసిరితే చూసేవాడి గొంతులో ఉమ్మి ఆరిపోయేది. నెస్టా ఇంకా ఎటూ తేలని పిల్ల. ఎలినెడ్ దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు.

పక్క పొలం కొనుక్కుని ఇంగ్లండు నుంచి హార్డింగమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. ఆవిడ తన రెండు పొట్టి గుర్రాల మూతులకీ చిక్కాలు కట్టి మేతకి వదిలింది. అడుగున చిన్న కన్నం, అందులోంచి ఎంత గడ్డి వస్తే అంతే తినాలి. ఎలినెడ్ అది చూసి కంచె దగ్గర ఆగకుండా ఉండగలదా?

"ఏమండీ, మీ గుర్రాలు కరుస్తాయా?"

"లేదండీ. తింటాయి. అందుకే కట్టాను."

"ఓహో. తినడం కూడా తప్పేనన్నమాట. మరి ఆదివారమైనా విప్పుతారా, లేక ఉపవాసమేనా?"

ఆ వారమంతా ఎలినెడ్ సంతలో, ప్రార్థనాలయం మెట్ల మీద, నాడాలు కొట్టే కొట్టంలో ఈ ముచ్చటే చెప్పి నవ్వించింది. నవ్వనివాడు ఒక్క టెర్విన్. ఆ నాడాల పని అతనిదే.

జూలైలో టెర్విన్ కెవన్‌కి వచ్చి మోడ్లెన్ కాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మెడ మీద పొర్లుతున్న కొవ్వుని బొటనవేలితో నొక్కాడు. అది రాయిలా ఉంది.

"ఎలినెడమ్మా, కోప్పడనంటే ఒక మాట."

"కోప్పడతాను. చెప్పు."

"దీన్ని ఆ చేలోంచి తీసెయ్యి. గడ్డి లేని దొడ్లో పెట్టి, నానబెట్టిన ఎండుగడ్డి కాస్త వెయ్యి. గిట్టలో గీతలు చూడు, ఎలా విడిపోతున్నాయో. మీ నాన్న గుర్రాలకీ ఇంతే."

"మా నాన్న గుర్రాలకి నీ బాబు మేకు తప్పు దించాడు. అది నీ ఇంటి రోగం, మా ఇంటిది కాదు."

"సరే. నా బాబుదే తప్పు. గుర్రాన్ని మాత్రం బయటికి తియ్యి."

ఎలినెడ్ తియ్యలేదు. ఎందుకు తీస్తుంది? నెల తిరిగితే ప్రదర్శన. రెండేళ్ళుగా ఎర్ర రిబ్బను పాంట్‌గ్లాస్ పొలం ఇద్వాల్ ఎగరేసుకుపోతున్నాడు. పైగా సంతలో పదిమందిలో అన్నాడు, "కెవన్ వాళ్ళ గోడకి ఇక మేకులక్కర్లేదులే" అని. ఆ మాట ఆమెకి తిండి సహించకుండా చేసింది. మోడ్లెన్‌కి మాత్రం తిండి బాగానే సహించింది, రోజుకి రెండు బాల్చీల దాణా అదనం.

ప్రదర్శన రోజు పొద్దున ఎలినెడ్ దొడ్లో మోకాళ్ళ మీద కూర్చుని మోడ్లెన్ తెల్ల కాళ్ళు సబ్బుతో కడిగి, కుచ్చు వెంట్రుకల్లోకి రంపపు పొట్టు రుద్దుతోంది. పొట్టు తడి పీల్చుకుంటే వెంట్రుక పాల నురుగులా నిలబడుతుంది. రుద్దుతూ రుద్దుతూ చెయ్యి గిట్ట మీదికి జారింది. గిట్ట వేడిగా ఉంది. రెండో గిట్ట పట్టుకుంది. అదీ వేడే. మడమ వెనక వేలు పెడితే నాడి టకటకా కొట్టుకుంటోంది. మూడు గుర్రాల కాళ్ళ మీద చెయ్యి పెట్టిన మనిషి ఆమె. ఆమెకి తెలియదనడానికి లేదు.

హవెల్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "ఏమైంది?"

"ఏం కాలేదు. ఎండకి కాస్త వేడెక్కాయి."

"ఎండ ఎక్కడుంది ఎలినెడ్? తెల్లారినప్పట్నుంచీ జల్లు పడుతోంది."

"నువ్వు బండి తియ్యి."

"వద్దంటాను. వచ్చే ఏడు వెళ్దాం. దీనికేమన్నా అయితే మనకింకేముంది?"

"వచ్చే ఏడు కూడా ఆ ఇద్వాల్ మొహమే చూడమంటావా? బండి తియ్యి హవెల్."

నలభై ఏళ్ళ కాపురంలో హవెల్ ఎదురు చెప్పింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు కూడా ఒక్కసారితో ఆపేశాడు. అది అతని తప్పు, అతనూ ఒప్పుకుంటాడు.

మైదానంలో మోడ్లెన్ మొదటి నాలుగడుగులు పొట్టిగా వేసింది. తర్వాత జనం కంచె చెక్కల మీద అరచేతులతో దరువు మొదలుపెట్టారు. ఆ చప్పుడుకి ఒళ్ళు మరిచిపోని కాబ్ మా లోయలో పుట్టలేదు. తెల్ల చొక్కా వేసుకుని పక్కన పరుగెత్తేవాడు అందుకోలేక పగ్గానికి వేలాడాడు. మోకాళ్ళు గడ్డం దాకా లేపుతూ, నేలని తంతూ, ఆ పిచ్చి తల్లి రెండు చుట్లు తిరిగింది. జడ్జి దాని పిరుదు మీద చరిచి, "ఒళ్ళంటే ఇదీ" అన్నాడు. అంత చదువుకున్న కళ్ళకి గిట్టలు మాత్రం కనబడలేదు. ఎర్ర రిబ్బను కెవన్‌దే. ఎలినెడ్ ఇద్వాల్ ముందు నుంచి రెండుసార్లు నడిచింది, ఒకసారి పని మీద, ఒకసారి ఊరికే.

మర్నాడు పొద్దున మోడ్లెన్ కొట్టంలో ముంగాళ్ళు ముందుకి చాపి, బరువంతా వెనక మడమల మీద వేసి వణుకుతూ నిలబడి ఉంది. నీళ్ళ తొట్టి నాలుగడుగుల దూరంలో ఉన్నా వెళ్ళలేకపోయింది. మూడో రోజుకి పడుకుంది, ఇక లేవలేదు. పశువుల డాక్టరమ్మ గిట్టలకి ఎక్స్‌రే ఫొటోలు తీసి చూపించింది. లోపలి ఎముక పట్టు తప్పి అడుగుకి దిగిపోయింది.

"మొదట వేడి ఎప్పుడు గమనించారమ్మా?" అని అడిగింది.

హవెల్ నేల చూశాడు. ఎలినెడ్ డాక్టరమ్మ మొహంలోకే చూసింది.

"ప్రదర్శన రోజు పొద్దున. తెలిసే తీసుకెళ్ళాను."

ఆ మాట ఆమె చేత ఎవరూ బలవంతంగా చెప్పించలేదు. మేకు మీదికో, రాయి మీదికో, వాన మీదికో తొయ్యొచ్చు, ఇంట్లో అలవాటున్న పనే. తొయ్యలేదు. ప్రాణం తీసే సూది గుచ్చేటప్పుడు మోడ్లెన్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కూడా చాలాసేపు లేవలేదు. ఏడ్చింది, బాగా ఏడ్చింది, చూసేవాళ్ళు ఉన్నారని కూడా చూసుకోలేదు.

ఇక మిగిలింది నెస్టా ఒక్కటి. అది ఎరువు పోసిన చేలో తల దించుకుని నములుతూనే ఉంది. మెడ మీద అప్పుడే చిన్న గట్టు లేస్తోంది. ఎలినెడ్ గేటు దగ్గర నిలబడి ఆ గట్టు చూసింది. చూసి, నేరుగా పక్క పొలానికి నడిచింది.

హార్డింగమ్మ తలుపు తీసింది.

"నాకో చిక్కం కావాలి" అంది ఎలినెడ్. "ముందు నవ్వాలనుకుంటే నవ్వేయండి. నిలబడతాను."

"నా మొదటి గుర్రం ఇలాగే పోయిందండీ. నేనెందుకు నవ్వుతాను? ఎంత తల దానిది?"

ఎలినెడ్ చేతులతో కొలత చూపించింది. హార్డింగమ్మ చిక్కం తెచ్చి ఇచ్చి, పట్టీ ఎక్కడ బిగించాలో చూపించింది. కెవన్ మనిషికి గుర్రం తల మీద పట్టీ ఎలా కట్టాలో ఒకరు చూపించడం, ఆమె నోరు మూసుకుని నేర్చుకోవడం, మా లోయలో అదే మొదటిసారి.

చేలలో ఎరువు ఆగింది. ఏడాది పొడవునా నెస్టా మూతికి చిక్కంతోనే మేసింది. లోయ మొత్తం ఆ దారిన పోతూ బండ్లు ఆపి మరీ చూసింది. ఎలినెడ్ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు, ఎవరినీ తిట్టకుండానూ ఉండలేదు. నోరు ఎక్కడికి పోతుంది?

మరుసటి ఆగస్టులో మూడేళ్ళ నెస్టాని కెవన్ గేటు దాటించి ప్రదర్శనకి తీసుకెళ్ళింది. పక్కటెముకలు కంటికి కనబడవు కానీ చేతికి తగులుతాయి, అలా ఉంది. పీపాల వరసలో అది నిలబడితే తప్పిపోయి వచ్చినదానిలా అనిపించింది. జడ్జి ఏడింటిలో దాన్ని ఏడోదిగా నిలబెట్టాడు. ఎలినెడ్ పగ్గం అందుకుని బయటికి నడిపిస్తుంటే, కంచె మీద మోచేతులు ఆనించి ఇద్వాల్ తీరిగ్గా అడిగాడు.

"ఏం ఎలినెడ్, మీ చేలో గడ్డి మొలవదా?"

కంచె పొడవునా నవ్వారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాటకి గురైన వాళ్ళందరూ నవ్వారు, వాళ్ళకి ఆ హక్కు ఉంది. ఎలినెడ్ ఆగింది. నెస్టా కూడా ఆగి, నాలుగు చల్లటి గిట్టల మీద సమంగా నిలబడింది.

"మొలుస్తుంది ఇద్వాల్" అంది ఆమె. "మా ఇంట నాలుగు గుర్రాల్ని తింది. మీ ఇంట ఎన్నింటిని తింది?"

నవ్వు ఆగిపోయింది. పాంట్‌గ్లాస్‌లో రెండని కంచె దగ్గరున్న ప్రతివాడికీ తెలుసు. అడిగితే తమ ఇంట ఎన్నో కూడా ఎవరికి వాళ్ళకి తెలుసు. ఇద్వాల్ మోచేతులు కంచె మీదనుంచి తీసి జేబుల్లో పెట్టుకున్నాడు. హవెల్ మైదానం గేటు తీసి పట్టుకున్నాడు, ఎలినెడ్ నెస్టాని ఇంటికి నడిపించుకుపోయింది.