డిశ్చార్జి బుక్కులో రాయని మూడు నెలలు

మా జిల్లాలో మాజీ సైనికుల సమావేశం ఎప్పుడు పెట్టినా నేను పోతాను. ఇస్త్రీ చొక్కా, మెరిసే నల్ల బూట్లు, ఎడమ జేబు పైన వరసగా నాలుగు మెడల్స్. వంటవాడికి నాలుగంటే తక్కువేం కాదు. పంతొమ్మిదేళ్ళు సైన్యంలో లంగరు నడిపాను. లంగరు అంటే మా వంటశాల. తెల్లవారకముందే నా చేతి రొట్టె తిని డ్యూటీకి పోయినవాళ్ళు ఎందరో నాకే తెలియదు. అయినా ఆ సమావేశాల్లో తుపాకీ పట్టినవాళ్ళు మాట్లాడాలి, గరిటె పట్టినవాడు వినాలి, అదొక ఆనవాయితీ. నేను వినే రకం కాదు.

పోయినేడు ఒక సమావేశంలో మాటలు మంచు కొండల మీది పోస్టుల దగ్గరికి వచ్చాయి. నేనూ అక్కడ మూడు నెలలు ఉన్నానన్నాను. హవల్దారుగా రిటైరైన ఒకాయన నా చొక్కా వైపు చూసి, అక్కడ పనిచేసినవాళ్ళకిచ్చే మెడల్ లేదేమని అడిగాడు. రాలేదన్నాను. "పోతే బుక్కుల ఎక్కుతది గద అన్నా. నువ్వు కింద పొయ్యి కాడ ఉండి ఉంటవ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు, మాట తీరు అంతే. కానీ నా కడుపు మండిపోయింది. ఆ పూట పెట్టిన భోజనం కూడా ముట్టకుండా వచ్చేశాను. వంటవాడు అన్నం మీద అలిగాడంటే దెబ్బ ఎంత లోతుగా తగిలిందో మీరే ఊహించుకోవచ్చు.

బుక్కు అంటే డిశ్చార్జి బుక్కు. సైనికుడు ఇంటికి వచ్చేటప్పుడు చేతికిచ్చే చిన్న పుస్తకం. ఎక్కడ పనిచేశాడు, ఏ మెడల్స్ వచ్చాయి అన్నీ అందులో ఉంటాయి. నా బుక్కులో ఆ మూడు నెలలు నేను కొండ కింద బేసు క్యాంపులోనే ఉన్నట్టుంది. ఆ సంగతి నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఇక మూసుకోవడం నా వల్ల కాలేదు.

మర్నాడే ఆటో ఎక్కి హనుమకొండలో మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసుకు పోయాను. అక్కడి పెద్దాయన కూడా సైన్యంలో చేసి వచ్చినవాడే. నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఓపికగా చెప్పాడు. పాతది రాయించుకోవచ్చునట. అప్పుడు మా యూనిట్లో కాగితాలు చూసిన క్లర్కు ఒక వాంగ్మూలం, పైన పోస్టులో ఉన్న ఆఫీసరు ఒక ఉత్తరం ఇస్తే, దరఖాస్తుతో కలిపి రికార్డు ఆఫీసుకు పంపుతానన్నాడు. అంతా చెప్పి, అసలు అప్పుడే ఎందుకు రాయలేదని అడిగాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

ఎందుకు రాయలేదో చెప్పాలంటే మా ఆవిడ ఒట్టు దగ్గర మొదలుపెట్టాలి.

మాకు మొదటి బిడ్డ కడుపులో ఉన్నప్పుడు నేను లీవు అయిపోయి తిరిగి పోతున్నాను. మా ఆవిడ పుట్టిన ఊళ్ళో ఒక సిపాయి అంతకు ముందే మంచు పోస్టు నుంచి కాలి వేళ్ళు పోగొట్టుకుని వచ్చాడు. ఆయన కర్ర పట్టుకుని నడవడం ఆమె చూసింది. బస్సుకు బయల్దేరేముందు నా చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుని, ఆ మంచులోకి పోనని ఒట్టు వేయించుకుంది. వేశాను. బేసులో వండుకునేవాణ్ణి నన్నెవరు పైకి పంపుతారులే అనుకున్నాను.

నెల తిరక్కుండానే పైన పోస్టులో వంటవాడికి ఊపిరి ఆడక కిందికి దించారు. పైన పన్నెండు మంది ఉన్నారు. ఎవరు పోతారని అడిగారు. ఒట్టు గుర్తులేక కాదు, గుర్తుండగానే నా చెయ్యి లేచింది. అక్కడ తినేవాళ్ళున్నారు, వండేవాడు లేడు, నేను వండేవాణ్ణి. అంతకు మించి కారణం ఇప్పటికీ నాకు దొరకలేదు, వెతకలేదు కూడా.

మా యూనిట్లో క్లర్కుది నర్సంపేట పక్క ఊరు. చుట్టరికం ఏమీ లేదు కానీ, వరంగల్ మాట వినిపించిన మొదటి రోజే బావా అంటే బావా అనుకున్నాం. పోయేముందు అతని దగ్గరికి పోయి, నేను పైకి పోయిన సంగతి ఇంటి దాకా పోకూడదని చెప్పాను. మా వైపు నుంచి లీవుకు పోయే ప్రతివాడూ కబుర్లు మోసుకుపోతాడు. బోర్డు మీద ఆర్డరు అతికించారంటే వారం తిరక్కుండా అది మా వాకిట్లో ఉంటుంది. అందుకని నోటితో చెప్పనని, కాగితం మీద ఎక్కించనని, వాళ్ళమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. మా ఆవిడ నాకు చేసిందే నేను అతనికి చేశాను. బిడ్డ పుట్టిందాకా అని నా మనసులో ఉంది. ఆ గడువు మాత్రం నోటితో అనలేదు. అదీ నేను చేసిన తప్పు.

మూడు వారాల పని అన్నారు కనుక మూడు ఉత్తరాలు ముందే రాసి అతని చేతికిచ్చాను, వారానికొకటి పోస్టు చెయ్యమని. ఇక్కడ వెచ్చగా ఉంది, పొయ్యి ముందే కూర్చుంటున్నాను, ఫికరు పెట్టుకోకు, ఇదే అన్నింటిలోనూ. మూడు వారాలు మూడు నెలలయ్యాయి. ఉత్తరాలు అయిపోయాయి. పాపం అతనే రాయడం మొదలుపెట్టాడు. చేతిరాత మారిందేమంటే ఏం చెప్పాలి? నా కుడిచెయ్యి నూనె పడి కాలిందని, తను రాసిపెడుతున్నానని రాశాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికి అన్నట్టు.

పైన ఆ మూడు నెలలూ నా జీవితంలో నేను బాగా వండిన రోజులు. మామూలు గిన్నెలో ఎంతసేపు ఉడికించినా అన్నం పలుకు మిగిలిపోతుంది, కుక్కరు ఉండాల్సిందే. మంచు కరిగిస్తే నీళ్ళు. ఉల్లిగడ్డ రాయిలా గడ్డకట్టేది, కత్తి జారి వేలు తెగేది. అన్నిటికంటే కష్టం ఏమిటంటే అంత ఎత్తులో మనిషికి ఆకలి చచ్చిపోతుంది. డబ్బాల కూర చూస్తే వెగటు. తినకపోతే మనిషి నిలవడు. నా పెట్టెలో మా ఆవిడ గింజ తీసి ఉప్పు కలిపి ముద్దలు కట్టిచ్చిన చింతపండు ఉంది. ఎండుమిరపకాయలు కాల్చి నలిపి, కాస్త బెల్లం వేసి పచ్చిపులుసు చేశాను. పంజాబు వాళ్ళు మొదటి రోజు ముఖం పక్కకు తిప్పారు. మూడో రోజుకు గ్లాసుల్లో పోయించుకుని తాగారు, ఆ వెనకే రెండేసి ముద్దలు అన్నం కూడా తిన్నారు. పన్నెండు మందికి పన్నెండు మందీ తిన్నారు.

కిందికి దిగేసరికి లీవు మంజూరై ఉంది. బిడ్డ పుట్టే వేళకు ఇంటికి చేరాను. తిరిగి పోయేసరికి బావకు వేరే చోటికి బదిలీ అయింది. ఆ కాగితం అలాగే మిగిలిపోయింది. కదిలిస్తే ఇంట్లో తెలుస్తుందని నేనూ కదిలించలేదు.

ఇప్పుడు బావ నర్సంపేట దగ్గర పత్తి, వరి వేసుకుని బతుకుతున్నాడు. బస్సెక్కి పోయాను. సంగతి విని సంతోషించాడు, సంతకం మాత్రం పెట్టనన్నాడు. ఒట్టు ఉందట. నేనే వేయించాను కదా, నేనే తీసేస్తున్నానన్నాను. ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ నిండా బతికి అంతకు ముందు ఏడాదే కన్నుమూసింది. "ఒట్టు నిలవెట్టుకున్న కాబట్టే మా అవ్వ అన్నేండ్లు బతికిందేమో, నాకేం ఎరుక. ఎవలకు తెల్వద్దని ఒట్టు పెట్టించినవో ఆమెనే తియ్యాలె బావా. చెల్లె నోటితోని అనిపియ్యి, నీ ఇంట్లనే కూసోని రాసిస్త" అన్నాడు.

తిరుగు బస్సులో అతన్ని మనసారా తిట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు ఒకడు మాట మీద నిలబడితే తిట్టుకున్నది నేనొక్కణ్ణే అయ్యుంటాను. హనుమకొండ చేరేసరికి కోపం దిగి భయం పట్టుకుంది. బిడ్డ మీద వేసిన ఒట్టు తప్పానని ఆమెకు చెప్పాలి. మా బిడ్డ నిక్షేపంగా ఉంది, మరిపెడ దగ్గర బడిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. అయినా భయమే.

ఆదివారం భోజనానికి పిలిస్తే బావ వచ్చాడు. మా ఆవిడ కోడికూర వండి, అన్నా అన్నా అంటూ కొసరి కొసరి వడ్డించింది. చేతులు కడుక్కున్నాక బావ నావైపు చూశాడు. ఇక తప్పదని మొత్తం చెప్పేశాను. చెయ్యి లేపడం, ముందే రాసిన ఉత్తరాలు, బావ రాసిన ఉత్తరాలు, అన్నీ.

ఆమె అరవలేదు. "అయితే నీ చెయ్యి కాలలేదన్నట్టు" అన్నది. లేదన్నాను. "ఆ చెయ్యి మానాలని మొక్కుకోని పదకొండు శనివారాలు ఉప్పు లేకుంట తిన్న. నువ్వొచ్చినంక చెయ్యి పట్టి చూస్తే మచ్చ గూడ లేకుండె. దేవుడు సల్లగ చూసిండనుకున్న."

బావ తల వంచుకున్నాడు. నేను అంతకంటే కిందికి వంచుకున్నాను. నిండు గర్భిణి చప్పిడి తిండి తిన్నది, కాలని నా చెయ్యి కోసం. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు కడిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, నావైపు చూడకుండా బావతో అన్నది: "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఉన్నదున్నట్టు రాయి అన్నా."

బావ అక్కడే రాశాడు. ఎవరు అడిగారు, ఎందుకు ఎక్కించలేదు, తప్పు ఎవరిది, అన్నీ. రాత ముత్యాల్లా ఉంది, క్లర్కు కదా. ఆ తర్వాత నాలుగు రోజులు మా ఆవిడ నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టింది.

ఆఫీసరు నంబరు కూడా బావే పట్టుకున్నాడు. ఆయనకు వయసైపోయింది, ఉత్తరాదిన ఎక్కడో ఉంటున్నాడు. ఫోనులో నా పేరు చెబితే గుర్తుపట్టలేదు. చింతపండు నీళ్ళ వంటవాణ్ణి అన్నాను హిందీలో. అవతల పెద్దగా నవ్వి, బతికే ఉన్నావా అన్నాడు. పది రోజుల్లో ఉత్తరం పంపాడు. ఆ పోస్టులో తన మనుషులు ఎవరూ ఆకలితో నీరసించి పడిపోలేదని, దానికి కారణం ఈ మనిషేనని రాశాడు. హనుమకొండ ఆఫీసులో ఆ ఉత్తరం చదివి వినిపిస్తుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సిగ్గుపడలేదు. పంతొమ్మిదేళ్ళ గరిటెకు అంత మాట వస్తే ఎవడైనా ఏడుస్తాడు.

దరఖాస్తు పోయింది. వానలు పోయాయి, చలి వచ్చింది. ఒక రోజు పెద్దాయన ఫోను చేసి రమ్మన్నాడు. డిశ్చార్జి బుక్కులో కొత్త సిరాతో ఒక లైను, పక్కన ముద్ర, చిన్న పెట్టెలో మెడల్. ఆయన లేచి నిలబడి నా చేతికిచ్చాడు. నేను సెల్యూట్ కొట్టాను. ఇంటికి ఆటోలో వస్తుంటే నగరం మొత్తం నన్నే చూస్తున్నట్టు అనిపించింది, ఎవరూ చూడకపోయినా.

మా ఆవిడ బియ్యం ఏరుతోంది. బుక్కు తెరిచి ఆమె ముందు పెట్టాను. ఇంగ్లీషులో ఉన్న ఆ లైను నాతో చదివించుకుని, దాని మీద వేలు ఉంచింది. బావ వచ్చిన ఆ ఆదివారం తర్వాత ఆ సంగతి ఆమె ఎత్తడం అదే మొదటిసారి.

"పన్నెండు మందికి నువ్వొక్కనివే వండినవా?"

నేనొక్కణ్ణే అన్నాను.

"అందరు కిందికొచ్చిండ్రా?"

"అందరు వచ్చిండ్రు."

ఆమె వేలు తియ్యలేదు. "ఆళ్ళ ఇండ్లల్ల గూడ నా అసొంటోళ్ళే ఉండిరి గద. పన్నెండు మంది తిండి లేకుంట ఉన్నరు, పోతాన అని ఒక్క ముక్క రాస్తే, నా ఒట్టు నేనే తీసి పోనిద్దును. నన్ను అంత సిన్నగ చూసినవా?"

ముప్పై ఏళ్ళు ఆమె భయపడుతుందని దాచాను కానీ, ఆమె ఏమంటుందో అడగనే లేదు. తప్పు నాదే అన్నాను. ఆమె మెడల్ తీసి, కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. పెట్టెను బీరువాలో తన పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. సమావేశం ఉన్న రోజు ఎట్లా అని అడిగాను.

"నన్ను అడిగి తీస్కపో" అన్నది.

అడిగే తీసుకుపోతున్నాను.