గోడ అవతలి నుంచి చూసిన బొమ్మ

కత్తితో పెళ్ళి చెడగొట్టుకున్నవాళ్ళ కథలు మా పల్నాటిలో కోకొల్లలు. నోటితో చెడగొట్టుకున్నవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. చెవులతో చెడగొట్టుకోబోయిన మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ప్రళయం ఎలా వచ్చిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. కాకపోతే ఎవరెవరు ఎంతెంత నవ్వారో నేను గుర్తు పెట్టుకుంటాను. గుర్తు పెట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో మాట. నేను నరసరావుపేటలో బడి పంతుల్ని. కొత్త ఉద్యోగం, కొత్త కోటు. మా దొడ్డిగోడ వెనక ఖాళీ స్థలంలో ఒక డేరా సినిమా దిగింది. మొదటి రోజే కుర్చీ టిక్కెట్టు కొని, కోటు తొడుక్కుని, దర్జాగా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. బొమ్మ మొదలయ్యేలోపే గేటు దగ్గరి ఆసామీ వచ్చాడు. ఆయన వెనక ఎవరో ఆఫీసరుగారి బావమరిది.

"పంతులూ, కాస్త లెగుస్తావా? అయ్యగారు కూకుంటారు."

"నేను టిక్కెట్టు కొన్నాను."

"కొన్నావులేవయ్యా, ఎవురు కాదన్నారు? పొడుగ్గా ఉన్నావుగా, నేల మీద కూకున్నా నీకు కనపడుద్ది."

డేరా అంతా నవ్వింది. నేను లేచి నిలబడి, "నాకు క్షమాపణ చెప్పేదాకా ఈ డేరాలో అడుగు పెట్టను" అని ప్రకటించి బయటికి నడిచాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ ఆసామీ పేరు ఇక్కడ రాయడం లేదు. రాయనంత మాత్రాన మరిచిపోయానని ఎవరూ అనుకోవద్దు.

అలిగితే అలిగాను గానీ, సినిమా పిచ్చి ఎక్కడికి పోతుంది? చెరువు మీద అలిగినవాడు ఏం చేయకుండా ఇంటికి వెళతాడో మీకందరికీ తెలుసు. నేను వాడికంటే తెలివైనవాణ్ణి, పక్కనే బావి తవ్వుకున్నాను. నా బావి మా దొడ్డిగోడ. దాని పక్కన నులకమంచం వేసుకుని వెల్లకిలా పడుకుంటే డేరాలోని ప్రతి మాటా, ప్రతి పాటా, ప్రతి ఏడుపూ గుడ్డ దాటి వచ్చి నా చెవిలో పడేవి. తెర మాత్రం కనబడదు. కనబడకపోతేనేం? బొమ్మ నా తలలో ఆడేది. అక్కడ నన్ను లేవమనే మగాడెవడు?

ఒక్కో బొమ్మ వారం ఆడేది. వారం తిరిగేసరికి మాటలన్నీ నాకు కంఠస్థం. బళ్ళో తోటి పంతుళ్ళకు అప్పజెబుతుంటే నోళ్ళు తెరిచి వినేవారు. "ఎన్నిసార్లు చూశావయ్యా!" అనేవారు. నేను అవుననలేదు, కాదనలేదు. దగ్గాను.

ఆ దగ్గుతో పేట మొత్తానికి సినిమా వైద్యుణ్ణైపోయాను. ఎవరు ఎదురైనా నాడి చూసి బొమ్మ రాసిచ్చేవాణ్ణి. భక్తి కావాలా? గంటలు ఎక్కువ మోగిన బొమ్మకు వెళ్ళండి. జానపదమా? కత్తుల చప్పుడు ఆగకుండా వినబడితే మేలురకం, మధ్యలో ఆగి ఆగి వస్తే నాసిరకం. సాంఘికానికి ఏడుపు ప్రాణం. కథానాయిక ఏడుపుకు దొడ్లో కట్టేసిన మా గేదె లేచి నిలబడితే అది చూసి తీరవలసిన చిత్రం. గేదె నెమరు వేస్తూ ఉండిపోతే డబ్బు దండగ. దయ్యాల బొమ్మకు తలుపు కిర్రుమనాలి. హాస్యం జోలికి మాత్రం నేను పోలేదు. మా జనం అన్నింటికీ నవ్వుతారు. ఏడవాల్సిన చోట కూడా డేరాలోంచి పకపకలు వినబడేవి. "ఛీ, సంస్కారం లేని మనుషులు!" అనుకుని మంచం మీద అటు తిరిగి పడుకునేవాణ్ణి.

ఒక్క ఎదురింటి సుబ్బమ్మత్తకే అనుమానం వచ్చింది. నేను చెప్పిన భక్తి చిత్రం చూసి వచ్చి నా గుమ్మంలో నిలబడింది.

"ఒరే అబ్బాయ్, దేవుడు ప్రత్యక్షమయ్యేటప్పుడు కన్నుల పండగ్గా ఉంటదన్నావే?"

"లేదా అత్తా?"

"ఆడనేరా, తెరంతా బొగ్గు పూసినట్టు నల్లబడిపోయింది! పాత రీలంట, రోజూ అంతేనంట. మాటలే గానీ దేవుడు కనపళ్ళా. మరి నీకెట్టా కనపడ్డాడు?"

"నాకు భక్తి ఎక్కువత్తా."

"కిరస్తానీ పిల్లోడివి, మా దేవుడి మీద నీకంత భక్తేందిరా?" అని గొణుక్కుంటూ పోయింది.

అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవాలి గదా? వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అంటారు. నా సంగతిలో వినేవాణ్ణీ నేనే, వెర్రివాణ్ణీ నేనే, వేదాంతినీ నేనే. మూడు ఉద్యోగాలు ఒంటిచేత్తో చేసుకొస్తున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజుపాలెం జకరయ్యగారి అమ్మాయి సుగుణతో నాకు సంబంధం కుదరబోతోంది. జకరయ్యగారు రైతు, అక్కడి సంఘానికి పెద్ద. ఊళ్ళో మగవాళ్ళ చేత కల్లు మాన్పించి, బైబిలు మీద చెయ్యి వేయించి ఒట్లు తీసుకున్న మనిషి. ఆయన మీసం చూస్తే తాటిచెట్టుకు కల్లు ఇంకిపోతుందని చెప్పుకునేవారు. ఇక ఉంగరాలు మార్చుకునే ప్రధానానికి రోజు పెట్టడమే తరువాయి. ఆ రోజేదో ఆయన నోటి నుంచి రావాలి. చేసుకుంటే సుగుణనే చేసుకుంటానని నేను అప్పటికే మా ఇంట్లో ఖరాఖండిగా చెప్పేసి ఉన్నాను.

ఒకనాడు ఆయనే మా ఇంటికి వచ్చారు.

"బాబూ, నీకు సినిమాల సంగతి చానా తెలుసంట గదా."

నా గుండె జారి కోటు జేబులో పడింది. సంఘపెద్ద సినిమా గురించి అడగడమంటే పోలీసు పేకముక్కల గురించి అడగడమే.

"అప్పుడప్పుడు, మంచివే మామయ్యా..."

"నేను ఇంతవరకు ఒక్కటీ చూళ్ళా. సైతాను గుడారమని తిట్టేవోణ్ణి. కానీ మావోళ్ళు కల్లు మానేసిన కాణ్ణించి సాయంత్రమైతే ఏం చెయ్యాల్నో తెలవక గొడ్ల చావిట్లో గుడ్లప్పగించి కూకుంటన్నారు. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. తాగుడు మీద రోత పుట్టించే బొమ్మ ఏదన్నా ఉందా? ఉంటే బళ్ళు కట్టుకొని అందరం వస్తాం."

ఉందా అంటారేమిటి! ఆ వారం డేరాలో ఆడుతున్నదే అది. ఒక తాగుబోతు, ఒక ఇల్లాలు, ఒక గురువుగారు. గురువుగారు కల్లు మీద చేసే ఉపన్యాసం వింటే రాయి కరుగుతుంది. తాగుబోతు భార్య తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేస్తాడు. ఇల్లాలు గుండెలు పిండేలా పాడుతుంది. చివరికి ఊరంతా కలిసి గంటలు మోగిస్తూ ప్రార్థన చేస్తుంది. మా గేదె రోజూ నిలబడే ఉంది.

"ఉంది మామయ్యా! మీ కోసమే తీశారేమో అనిపిస్తుంది. అందులో గురువుగారు మాట్లాడుతుంటే అచ్చం మీరే మాట్లాడినట్టుంటుంది."

ఆయన మీసం సంతోషంతో పైకి లేచింది. "నువ్వు కళ్ళారా చూశావు గదా?"

దగ్గాను. ఆయన దాన్ని అవునుగా తీసుకున్నారు.

"అయితే శనివారం ఫస్టు షోకి వస్తాం. మా సుగుణ కూడా వస్తది. నువ్వు నా పక్కన కూకొని ఇడమర్చి చెప్పాల. మావోళ్ళకి బుద్ధొచ్చిందంటే ఆడికాడనే ప్రధానం రోజు చెప్పేస్తా."

నా పక్కన కూకొని! అంటే డేరా లోపలికి వెళ్ళాలి. ఒక పక్క పెళ్ళి, ఒక పక్క పంతం. రెండు రాత్రులు ఆలోచించి, పెద్దల కోసం వేసే అడుగు అడుగు కిందికి రాదని తీర్మానించుకున్నాను.

శనివారం సాయంత్రం రాజుపాలెం బళ్ళు దిగాయి. ఆడవాళ్ళు తడిక అవతలికి, కల్లు మానినవాళ్ళు నేలకు, జకరయ్యగారూ నేనూ కుర్చీలకు. గేటు ఆసామీ నన్ను చూడగానే పళ్ళన్నీ బయట పెట్టాడు.

"రావయ్యా పంతులూ! అలక తీరిందా?"

"తీరలేదు. పెద్దల కోసం వస్తున్నాను."

"రా రా, కుర్చీ ఖాళీగానే ఉంది. ఆఫీసరుకి బదిలీ అయింది, బామ్మర్ది కూడా ఆయనెంటే పోయాడు."

బొమ్మ మొదలైంది. తాగుబోతు తూలుతూ వచ్చాడు. నేను ముందుకు వంగి, "ఇప్పుడు గురువుగారు వస్తారు మామయ్యా, ఒక్క మాట కూడా వదలకుండా వినండి" అన్నాను.

ఆయన విన్నారు. ఖర్మం, చూశారు కూడా.

నడుము దాకా గడ్డం, చేతిలో బిందె అంత కమండలం. గురువుగారు "నాయనలారా, ఇది విషం" అని కంచుగొంతుతో అన్నారు. సరిగ్గా నేను విన్న మాటే. అని కమండలం ఎత్తి ఒక గుక్క తాగారు. వెనక నుంచి శిష్యుడు కల్లుకుండ వంచి కమండలం నింపాడు. "ఇది కొంపలు ముంచుతుంది" అన్నారు, ఇంకో గుక్క. "దీన్ని భూమ్మీద లేకుండా చేయాలి!" అని గర్జించి కుండనే ఎత్తి గడగడా ఖాళీ చేశారు. డేరా నవ్వుతో ఊగిపోయింది. నేను మంచం మీద పడుకుని సంస్కారం లేదని తిట్టుకున్న నవ్వు ఇదే.

"బాబూ, ఆయన తాగేదేంది?" జకరయ్యగారు చెవిలో అడిగారు.

"తీర్థం అయి ఉంటుంది మామయ్యా."

"నురగొస్తందే?"

ముందు నేల మీద పేతురు కూర్చున్నాడు. రాజుపాలెంలో అందరికంటే ముందు ఒట్టు పెట్టినవాడు. వాడు నిట్టూర్చిన చప్పుడు కుర్చీల దాకా వినబడింది. "ఆహా... నురగంటే అట్టుండాల!"

"ఓపిక పట్టండి, ఒట్టు పెట్టే ఘట్టం వస్తుంది. రుమాలు దగ్గర పెట్టుకోండి" అన్నాను. నా రుమాలుతో నేను అప్పటికే చెమట తుడుచుకుంటున్నాను.

ఒట్టు వచ్చింది. తాగుబోతు కుడిచెయ్యి భార్య తల మీద పెట్టి, గద్గదంగా ప్రమాణం చేశాడు. ఎడమకాలు మాత్రం మంచం కిందికి పోయి ఒక కుండను మెల్లగా దొర్లించుకొచ్చింది. భార్య కళ్ళు తుడుచుకునే లోపల బొప్పాయి గొట్టం వేసి సగం పీల్చేశాడు.

చీకట్లో మామగారి ముఖం కనబడక అంతసేపు బతికాను. కానీ ఆ డేరాకు మిషను ఒక్కటే. రీలు అయిపోయినప్పుడల్లా ఇంకోటి ఎక్కించేదాకా దీపాలు వేసేవారు. దీపాలు వెలిగాయి. నేను డేరా గుంజను పరీక్షగా చూస్తూ కూర్చున్నాను.

"బాబూ."

"మామయ్యా."

"నువ్వు చెప్పిన గురువు ఈయనేనా?"

నేను గుంజకు కట్టిన తాళ్ళ ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"అచ్చం నాలాగే ఉంటాడన్నావు."

"గొంతు! గొంతు మాత్రమే మామయ్యా!"

దీపాలు ఆర్పినవాడికి నా ఆశీస్సులు. ఇక ఇల్లాలి పాట. గుండెలు పిండే ఆ పాట పాడుతూ ఆమె కల్లుకుండల్ని గడ్డివాములోనూ ఉయ్యాలలోనూ దాస్తోంది. ఒక కుండలో మేక మూతి పెట్టింది. తర్వాత ఆ మేక వెనక కాళ్ళ మీద నిలబడి చేసిన పనులు ఇక్కడ రాయలేను. తడిక అవతల ఆడవాళ్ళలో ఒక నవ్వు అన్ని నవ్వుల్నీ తోసుకుని పైకి వచ్చింది, అటక మీది గిన్నెలన్నీ ఒక్కసారి దొర్లినట్టు. చివరి ప్రార్థనలో గంటలు ఎందుకంత జోరుగా మోగుతాయో కూడా తెలిసింది. గురువుగారితో సహా ఊరు ఊరంతా తాగి గంట తాడు పట్టుకుని వేలాడుతున్నారు.

దీపాలు వేసేసరికి నేల మీద ఇసక తప్ప రాజుపాలెం మగవాడు ఒక్కడు లేడు.

"మావోళ్ళేరి?" అని జకరయ్యగారు గేటు దగ్గర అడిగారు.

"మేక పాట కాణ్ణే లేచి పోయారండీ" అన్నాడు ఆసామీ. "కల్లుపాక ఎటని అడిగితే చూపించా."

బళ్ళ దగ్గర జకరయ్యగారు నన్ను నిలబెట్టారు. మీసం అటొకటి ఇటొకటి కొట్టుకుంటోంది. "నిజం చెప్పు. ఈ బొమ్మ చూసే మమ్మల్ని రమ్మన్నావా?"

చూశానంటే దుర్మార్గుణ్ణి. చూడలేదంటే అబద్ధాలకోరుని. రెండింటిలో ఏది తక్కువ ధర పలుకుతుందో లెక్క వేసుకుని, "చూడలేదు మామయ్యా, విన్నాను. మా గోడ అవతలి నుంచి" అన్నాను.

"ఇన్నావా! ఇని సిఫారసు చేశావా! నా ఊరంతటినీ ఆ మేక పాలు చేశావా! ప్రధానం లేదు, గిదానం లేదు. బళ్ళు కట్టండిరా!"

ఎవరూ పలకలేదు. బళ్ళు కట్టేవాళ్ళందరూ కల్లుపాకలో ఉన్నారు. అంత కోపం వచ్చిన మనిషి ఎటూ వెళ్ళలేక అక్కడే నిలబడాల్సి రావడం నేను అంతకుముందు చూడలేదు, వినలేదు కూడా.

అప్పుడు బండిలోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"నాయనా, ఆయన్ని ఇంకోటి అడుగు. నన్నన్నా చూశాడా, నన్ను కూడా ఇన్నాడా?"

పెళ్ళిచూపుల నాడు అందరికీ కాఫీ ఇచ్చి నాకు మజ్జిగ ఇచ్చారు. నేను కాఫీ తాగనని ఎవరో చెప్పారట. ఎవరో నాకు తెలుసు. ఆ అవమానానికి కుర్చీ గోడ వైపు తిప్పుకుని, లేచేదాకా అలాగే కూర్చున్నాను. వెనక అమ్మాయి ఒక కీర్తన పాడింది. గొంతు బాగుంది. ఇంటికొచ్చి ఖాయం చేయమన్నాను.

"ఉన్నంతసేపూ గోడకేసి చూస్తానే ఉన్నాడు నాయనా" అంది సుగుణ. "మన గోడ నచ్చి చేసుకుంటన్నాడేమో అనుకున్నా."

జకరయ్యగారు నా వైపు చూశారు. "ఏంది బాబూ! నా కూతుర్ని కూడా చూడకుండానే ఒప్పుకున్నావా?"

"పాట విన్నాను మామయ్యా..."

ఆమె బండి కింద వేలాడే లాంతరు తీసి ముఖం దగ్గర ఎత్తి పట్టుకుంది. నవ్వీ నవ్వీ కళ్ళు తడిసిపోయి ఉన్నాయి. గిన్నెలు దొర్లించిన నవ్వు ఎవరిదో అప్పుడు తెలిసింది.

"ఇదుగో, బాగా చూసుకోండి. మళ్ళీ చీకట్లో పెట్టారనొద్దు."

చూశాను. దగ్గు రాలేదు.

"నచ్చిందా?" అన్నారు జకరయ్యగారు.

"నచ్చింది మామయ్యా."

"ఎవురికన్నా సిఫారసు చేస్తారా?" అంది సుగుణ.

"చచ్చినా చెయ్యను!"

జకరయ్యగారి మీసం ముందు వణికింది, తర్వాత ఊగింది, తర్వాత ఆయన చక్రం పట్టుకుని కూలబడి నవ్వారు. ప్రధానం రోజు ఆ చక్రం దగ్గరే చెప్పారు.

ఇక నా ప్రతిజ్ఞ. కళ్ళారా చూడనిదే సినిమా గానీ, సంబంధం గానీ, చింతకాయ పచ్చడి గానీ ఈ జన్మలో ఎవరికీ సిఫారసు చేయనని, భక్తి, జానపద, సాంఘిక, దయ్యాల చిత్రాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ బొమ్మ పేరేమిటని మాత్రం నన్ను అడగకండి. చెబితే మీరు పోయి చూస్తారు. అది సిఫారసు కిందికే వస్తుంది.